సెంటర్లో పెట్టే విగ్రహానికి తల ఎందుకు చిన్నదవుతుంది?

బెజవాడ సెంటర్లలో లక్షలు పోసి చేయించిన విగ్రహాలు ఎందుకు అంత బాగోవు, శిల్పులకి పనితనం తగ్గిందా అని అడిగారు. తగ్గలేదు. ఆర్డరిచ్చే కమిటీలు పెరిగాయి, అదీ సంగతి. మా మేనమామది తెనాలిలో విగ్రహాల షెడ్డు. సెలవులన్నీ అక్కడే గడిపినవాణ్ణి, తర్వాత కొన్నేళ్లు లెక్కలు కూడా రాశాను.

ఒక ఆర్డరు సంగతి చెప్తాను. విగ్రహం ఎవరిదో, ఏ సెంటర్లో ఉందో చెప్పను, గొడవలొద్దు. తొమ్మిదడుగుల కంచు విగ్రహం, దాని కింద పదడుగుల దిమ్మ. ముందు ఇనప చువ్వలతో లోపలి కట్టు కట్టి, దాని మీద మట్టితో బొమ్మ చేస్తారు. ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పుతారు. ఆ మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ అచ్చు తీశాక ఇక మార్పులుండవు. అందుకే కమిటీ వచ్చి చూసి సరే అనేది మట్టి దశలోనే.

రెండు కార్లలో దిగారు, అందరూ తెల్లబట్టల్లో. గోనెపట్టా తీయగానే ఒకాయన ఫోన్లో ఫొటో పక్కన పెట్టి చూసి, "తల పెద్దదైంది మాస్టారూ, మా పెద్దాయనకి ఇంత తల లేదు" అన్నాడు. నిజమే, కావాలనే పెద్దది చేశాడు మావయ్య. అంత ఎత్తున పెట్టి రోడ్డు మీంచి చూస్తే కాళ్లు దగ్గరగా, తల దూరంగా ఉంటాయి కాబట్టి పైభాగం కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. పై కొలతలు కొంచెం పెంచితేనే కిందనుంచి సరిగ్గా ఉంటుంది. "కాసేపు నేల మీద కూర్చుని తలెత్తి చూడండి సార్, తెలుస్తుంది" అని బతిమాలాడు. షెడ్డు నిండా బంకమట్టి. ఆ తెల్లబట్టలతో ఎవరు కూర్చుంటారు? ఒక్కరూ కూర్చోలేదు. ఇంకొకాయన కొంచెం నవ్వు పెట్టమన్నాడు. మరొకాయనకి చెయ్యి పైకి లేచి ఉండాలి. చెయ్యి లేపాలంటే లోపలి చువ్వలు కోసి మళ్లీ కట్టాలని ఆయనకేం తెలుసు! మావయ్య మాట్లాడకుండా తల తగ్గించాడు, నవ్వు పెట్టాడు, చెయ్యి లేపాడు.

ముసుగు తీసిన రోజున రోడ్డవతల నిలబడి చూస్తే బిందె మీద నిమ్మకాయ పెట్టినట్టుంది. ఫొటో పట్టుకుని వచ్చినాయనే ఫోన్ చేసి "తల అంత చిన్నదైందేంటి మాస్టారూ?" అని అడిగాడు. చివరి వాయిదా డబ్బు అక్కడితో ఆగింది.

శిలాఫలకం మీద మాత్రం ప్రారంభించినవాళ్లు, అధ్యక్షత వహించినవాళ్లు, విరాళమిచ్చినవాళ్లు, అందరూ ఉన్నారు. శిల్పి పేరు లేదు. ఇది ఇప్పటి జబ్బూ కాదు. అమరావతి స్తూపం పలకల మీద బ్రాహ్మీ లిపిలో ఉన్నవి ఎక్కువగా దాతల పేర్లే. ఒక చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం, అంటే పూలతో నిండిన కుండ బొమ్మ, చెక్కిన పలక ఇచ్చాడని కూడా రాసుంది, చాలా సంతోషం. ఆ పూర్ణఘటం చెక్కిన చేతులెవరివో మాత్రం రాయలేదు.

స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ విగ్రహం సంగతేంటి అంటారు. 81 అడుగుల పీఠం, దాని మీద 125 అడుగుల విగ్రహం, మొత్తం 206, 2024 జనవరి 19న ప్రారంభించారు. దానికి కలిసొచ్చింది చుట్టూ ఉన్న ఖాళీ. దూరం నుంచి చూసే వీలుంటే కన్ను తనే సర్దుకుంటుంది. మన సెంటర్లలో ఆ దూరం ఎక్కడ? ఒకవైపు ఆటోలు, ఇంకోవైపు పుట్టినరోజు ఫ్లెక్సీలు, తలెత్తితే కరెంటు తీగలు. లెనిన్ సెంటర్లో లెనిన్‌ని చూడటానికి ఆగిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. పాత పుస్తకాలు బేరమాడటానికి ఆగుతారు, నేనూ అంతే.

రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకి అనుమతులివ్వొద్దని 2013 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తెల్లారేసరికి దిమ్మలు లేస్తూనే ఉన్నాయి. రాత్రికి రాత్రి కట్టిన దిమ్మ మీదకి అంతే హడావిడిగా బొమ్మ కావాలి. అప్పుడు ఫైబర్‌తో చేయించి కంచు రంగు కొడతారు, ఎండకి ఆ రంగు నాలుగు కాలాలు నిలవదు. ఆ తిట్లూ శిల్పికే.

మీరు నిజంగా ఎక్కడైనా పెట్టించే ఆలోచనలో ఉంటే ముందు రెండడుగుల నమూనా చేయించండి. దాన్ని మేడ మీద పిట్టగోడ ఎక్కించి, కింద రోడ్డు మీద నిలబడి చూడండి. తల గురించి అక్కడ మాట్లాడండి, షెడ్డులో కాదు. కమిటీలో ఒక్కరికే మాట్లాడే హక్కివ్వండి. చివరి వాయిదా మాత్రం కంచు పోసేలోపే ఇచ్చెయ్యండి. ముసుగు తీశాక ఎవరూ ఇవ్వరు.