గవర్నరు కార్యాలయంలో చేరిన మేనల్లుడికి

గుణుపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మన ఒడిశా కొత్త గవర్నరు గారి కార్యాలయంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పిన నాటినుంచీ ఈ ఉత్తరం రాయాలనే ఉంది. పాలన నిజాయితీగా సాగడానికి గవర్నరు ముందుగా ఏం చేయాలని నీవు అడిగావు. రాయగడ జిల్లా రెవెన్యూ శాఖలోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక, ఈ కొండల వైపు నుంచి చూసి చెప్పగలిగిందే చెబుతాను.

గవర్నరుది మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవలసిన పదవి. బిల్లులను తేల్చకుండా నిరవధికంగా అట్టిపెట్టుకోరాదని సుప్రీంకోర్టు 2023లో పంజాబు వ్యవహారంలో స్పష్టం చేసింది. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక అందితే దానిని జాప్యం లేకుండా శాసనసభ ముందుంచే ఏర్పాటు చేయాలి. ఈ రెండింటిపై నేను వేరే చెప్పవలసింది లేదు.

నేను చెప్పదలచింది రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలనకు సంబంధించిన ఐదో షెడ్యూలు గురించి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగానూ, గజపతి జిల్లాలో కొంత భాగమూ ఆ షెడ్యూలు కిందికి వచ్చే షెడ్యూల్డు ప్రాంతాలే. వీటి పాలనపై రాష్ట్రపతికి ఏటా నివేదిక పంపే బాధ్యతను రాజ్యాంగం గవర్నరు పేరిటే ఉంచింది. శాఖలు పంపిన అంకెలను కుట్టి, పైన ముందుమాట చేర్చి పంపితే అది నివేదిక కాదు, నాయనా. ఆ పని నీ చేతిమీదుగా జరగనివ్వకు.

భూమి సంగతే చూడు. గిరిజనుల భూమిని కాపాడడానికి 1956లో రెండో రెగ్యులేషను, అంటే ఈ ప్రాంతాలకు చట్టంలా వర్తించే నిబంధన, వచ్చింది. 2002 సవరణతో గిరిజనేతరులకు అమ్మకం పూర్తిగా నిషిద్ధమైంది. అయినా పట్టా సవర తెగ రైతు పేరిట ఉండి, పంట వ్యాపారి ఇంటికి చేరే పొలాలను నేను చూశాను. ఆ రైతు తన పొలంలోనే కూలివాడు. ఆ వ్యాపారుల్లో మన తెలుగు మాట్లాడేవారూ ఉన్నారని చెప్పడానికి మనసు కష్టపడుతోంది. కాగితంలో ఇదేదీ కనిపించదు, గట్టు మీద నిలబడి పంట ఎవరు కోసుకుపోతున్నారో చూస్తేనే తెలుస్తుంది. ఒక ఏడాది వర్షాల్లో నేను వాగు దాటలేక, పొలం చూడకుండానే సాగుదారు పేరు రాసి సంతకం చేశాను. ఆ సంతకం నన్ను ఈనాటికీ బాధిస్తుంది. పై కార్యాలయాలకు చేరే అంకెల్లో అలాంటి సంతకాలు ఎన్ని ఉంటాయో ఆలోచించు. 2023 నవంబరులో ఆ నిషేధాన్ని సడలించే సవరణకు రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపి, వ్యతిరేకత రాగానే నిలిపివేసింది. అలాంటి రెగ్యులేషను చేసే అధికారం గవర్నరుదే. అందుకు ముందు గిరిజన సలహామండలిని సంప్రదించాలి, తరువాత రాష్ట్రపతి ఆమోదం పొందాలి. ఆ సంప్రదింపు మొక్కుబడిగా సాగకుండా సభ్యులకు ముసాయిదా ముందుగానే, వారికి అర్థమయ్యే భాషలో చేరేలా చూడు.

గ్రామస్థుల మాట ఎలా వినాలో తెలియడానికి బాక్సైటు గని తవ్వాలనుకున్న నియమగిరి కొండలను గుర్తుచేసుకో. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు జిల్లా జడ్జి హోదాగల అధికారి సమక్షంలో జరిగాయి. అన్నీ ఆ గనిని వద్దన్నాయి. ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కోందు గిరిజనుల మాట ఎక్కడా మారకుండా నమోదు కావడానికి ఆ పరిశీలకుడి ఉనికి ఎంతో తోడ్పడిందని నా నమ్మకం.

గవర్నరు గారి పర్యటన ఇటువైపు పడితే, అది మా సంత రోజున ఉండేలా చూడు. సవర, కుయి భాషలు తెలిసినవారిని దుబాసీలుగా తీసుకురా, కానీ వారు ఇక్కడి తహసీలు సిబ్బంది కాకూడదు. రైతులు చెప్పినది వారి మాటల్లోనే రాసి, చదివి వినిపించి, ఆ తరువాతే నివేదికలో చేర్చు.

ఇట్లు,
మీ మామయ్య