పికప్ వెనక ట్రైలర్ తగిలించి ధాన్యం తోలొచ్చా?

మండపేట మిల్లుకి ధాన్యం తోలడానికి పికప్ కొని, వెనక ట్రైలర్ తగిలిస్తే సరిపోతుందా అని అడిగారు. నన్నడిగితే వద్దనే అంటాను. మన ఊళ్లలో తిరిగే బొలేరో లాంటివి తొట్టిలో మోయడానికి చేసిన బళ్లు, లాగడానికి కాదు.

లెక్క చూడండి. బస్తా 75 కేజీలు. 40 బస్తాలంటేనే 3 టన్నులు, ట్రైలర్ సొంత బరువు అదనం. ఆస్ట్రేలియాలో ఫోర్ వీల్ డ్రైవ్ టయోటా హైలక్స్ పికప్‌కి 3.5 టన్నుల దాకా లాగే రేటింగ్ ఉంది, అదీ ట్రైలర్‌కి బ్రేకులుంటేనే. లేకపోతే అదే బండికి 750 కేజీలే! అంటే లాగడం కంటే ఆపడమే కష్టం. డెల్టా అంతా చదునే కదా అనుకుంటాం గానీ, వంతెన దిగి కాలవ గట్టు మీదకి తిప్పేటప్పుడు వెనకనుంచి 3 టన్నులు తోస్తుంటే తెలుస్తుంది.

బస్తాలు మరీ వెనక్కి పేర్చినా ప్రమాదమే. ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం దగ్గర బరువు తేలిపోయి ట్రైలర్ పాములా ఊగుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతైనా కొక్కెం మీద పడాలి.

షోరూంలో హార్స్‌పవర్ ఎంతని కాదు, బండీ ట్రైలరూ కలిపి ఎంత బరువుకి అనుమతో కాగితం మీద చూపించమనండి. చూపించలేకపోతే ట్రాక్టరే నయం, చేలోకి కూడా దిగుతుంది.