డాక్టర్ సలహా: ఓపికకు టానిక్ సరే, ముందు రక్తం పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె మాది. నా వయసు 41. మార్గశిరం మొదలైతే సంక్రాంతి దాకా ఊపిరి సలపని పని. వరి కోతలు, నూర్పులు, పత్తి తీత, కూలీలకు వంట, పిల్లల చదువులు, అత్తమామల పథ్యం, ఇవి కాక లక్ష్మివారం (గురువారం) పూజలు. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే రాత్రి పదకొండు దాటుతుంది. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో కట్టి ఇచ్చే మాత్రలు రోజూ వేసుకుంటున్నాను, లేకపోతే పని సాగదు. పూజలకు అడ్డు రాకుండా నెలసరి ఆపే మాత్రలు మూడేళ్లుగా ఈ సీజన్లో వాడుతున్నాను. మానేశాక మాత్రం బాగా ఎక్కువగా అవుతోంది. కళ్లం దాకా నడిస్తే ఆయాసం. ఈ మధ్య పచ్చి బియ్యం నమలాలనిపిస్తోంది. ఓపిక రావడానికి మంచి టానిక్, పనులన్నీ వేళకు చేసుకునే ఉపాయం చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటి సంగతి తర్వాత చూద్దాం. అడగకుండా రాసేసినవే నాకు కంగారుగా ఉన్నాయి. ఆయాసం, ఎక్కువ రక్తస్రావం, పచ్చి బియ్యం మీద యావ. ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు అడిగేది హిమోగ్లోబిన్ ఎంత అనే. మిమ్మల్ని చూడకుండా ఇది రక్తహీనతేనని తేల్చి చెప్పలేను. గుండె, థైరాయిడ్, కిడ్నీ సమస్యల్లోనూ ఆయాసం, నీరసం ఉంటాయి. కానీ బియ్యం, బలపం, మట్టి తినాలనిపించడం ఐరన్ లోపంలో తరచుగా చూసే లక్షణం. చాలామంది సిగ్గుపడి చెప్పరు, మీరు రాసి మంచి పని చేశారు.

ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, 57 శాతం మందికి, రక్తం తక్కువగా ఉందని తేలింది. అందరికీ ఉన్నదే కదా అని వదిలేయడానికి చెప్పడం లేదు. నెమ్మదిగా తగ్గితే శరీరం సర్దుకుపోతుంది. 7 గ్రాములతో కూలీలకు వంట చేసి పెట్టి, ‘కాస్త నీరసంగా ఉంది సార్’ అంటూ నడిచి వచ్చే వాళ్లను మా ఓపీలో చూస్తూనే ఉంటాం.

ఇక మాత్రలు. ఇక్కడ కొంచెం కోప్పడతాను, ఏమీ అనుకోకండి. కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రల్లో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఇలాంటి పొట్లాల్లో సాధారణంగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర ఉంటాయి. కొన్నింటిలో స్టెరాయిడ్ కూడా కలుస్తుంది. అది పడితే గంటల్లో నొప్పులు మాయమవుతాయి, ఆకలి పుడుతుంది, ‘ఆ షాపు మందు భలే పని చేస్తుంది’ అని ఊరంతా చెప్పుకుంటారు. వారాల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి. అందుకే ఇది చదివి రేపటి నుంచి అన్నీ ఒక్కసారిగా ఆపేయమని కూడా అనలేను. స్టెరాయిడ్ చాలా రోజులు వాడి హఠాత్తుగా మానితే ప్రమాదం. ఆ పొట్లాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపించి, ఏది ఎలా మానాలో ఆయన చెప్పినట్టు చేయండి. ఇకమీదట ఏ మందు కొన్నా స్ట్రిప్ మీద పేరు కనిపించేలా ఇమ్మనండి. కత్తిరించిన ముక్క మీద పేరు లేకపోతే తీసుకోకండి.

నొప్పి మాత్రల గొడవ ఇంకొకటి ఉంది. లక్ష్మివారం పూజ అయ్యేదాకా మీరు ఏమీ తినరనుకుంటాను, టీ తప్ప. ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ వేసుకుంటే జీర్ణాశయంలో పుండు పడొచ్చు, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా రక్తం పోతుంటుంది, పైకి తెలియదు. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే అది రక్తమే కావచ్చు. కిడ్నీల మీదా భారం పడుతుంది, కళ్లంలో నీళ్లు తాగకుండా ఎండలో పనిచేసే వాళ్లకు ఇంకా ఎక్కువ. అంటే పని సాగాలని వేసుకున్న మాత్రే ఉన్న రక్తాన్ని తగ్గిస్తూ ఉండొచ్చు. దానికి తోడు రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటే, తిన్న ఐరన్ కూడా సరిగా ఒంటికి పట్టదు.

నెలసరి వాయిదా మాత్రలు నొరెథిస్టిరాన్ అనే హార్మోన్ మందు. చీటీ లేకుండా అమ్మకూడనిది. డాక్టరు చూసి, ఒకసారి, కొద్ది రోజులకు ఇస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు. మార్గశిరంలో నాలుగైదు లక్ష్మివారాలు వస్తాయి, వాటన్నిటికీ నెల పొడుగునా వాడితే అది వేరే సంగతి. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. బీపీ, అధిక బరువు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే పార్శ్వపు తలనొప్పి ఉంటే ముందే చెప్పాలి. మీ బరువు, బీపీ, షుగరు ఏవీ రాయలేదు. గర్భం లేదని చూసుకున్నారో లేదో కూడా తెలియదు. 41 ఏళ్లలో అది ‘ఇంక రాదులే’ అనుకునే వయసు కాదు.

ఈ మాత్ర ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి రావడం మామూలే, కొంచెం ఎక్కువ కావడమూ జరుగుతుంది. కానీ ప్రతిసారీ గడ్డలుగా పడుతున్నా, వారం దాటుతున్నా, గంట గంటకు ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా నెపమంతా మాత్ర మీదే వేయకండి. 40 దాటాక గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు), థైరాయిడ్ తేడా, అరుదుగా లోపలి పొరలో మార్పులు కూడా కారణం కావచ్చు. స్కానింగ్ తప్పదు. అవసరమైతే గైనకాలజిస్టు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, భయపడాల్సిన పని కాదు.

పూజ సంగతి చెప్పడానికి నేను పంతుల్ని కాను. ఒడియా వాళ్ల మాణబసా (మార్గశిర గురువారాల లక్ష్మీపూజ), మన లక్ష్మివారం ఒకే వీధిలో జరిగే చోట ఆ రోజు ముగ్గు పడకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ వారం అత్తగారు దీపం పెట్టొచ్చు, మీ వారూ పెట్టొచ్చు. ఈ మాట మీ ఇంట్లో నా పేరు చెప్పి అనండి, డాక్టరు వద్దన్నాడని.

ఏం చేయించుకోవాలంటే, సీబీసీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), వీలైతే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూత్రంలో గర్భపరీక్ష, పొత్తికడుపు స్కానింగ్. దీనికి తోడు సికిల్ సెల్ పరీక్ష, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బుకు చేసేది. దక్షిణ ఒడిశా జిల్లాల్లో ఇది ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, ఫలానా కులానికే వస్తుందనుకోవద్దు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తున్నారు. తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని మరో వంశపారంపర్య జబ్బు) లక్షణం ఉన్నా రిపోర్టులో ఐరన్ లోపంలాగే కనిపించొచ్చు. అందుకే పరీక్ష లేకుండా ఎవరి రక్తహీనతకైనా టానిక్ పేరు రాయడం నాకు ఇష్టం ఉండదు. జ్వరం కూడా వచ్చిపోతుంటే మలేరియా పరీక్ష వాయిదా వేయకండి, మీది ఆ ప్రాంతమే. చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగే వాళ్లకు కొంకి పురుగులు రక్తం తాగేస్తాయి, దానికి ఒక మాత్ర చాలు, అదీ అడగండి.

ఐరన్ లోపమని తేలితే మాత్రలు మీ ఊరి ఆసుపత్రిలోనే దొరుకుతాయి. ఒడిశాలో నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. టీకి, పాలకు, కాల్షియం మాత్రకు గంటా రెండు గంటలు ఎడం ఉండాలి. మలం నల్లబడుతుంది (తారులా జిగటగా ఉంటే మాత్రం వేరే సంగతి), మలబద్ధకం ఉండొచ్చు, అంతమాత్రానికి మానకండి. పది రోజులు వేసుకుని ‘బాగానే ఉన్నాను’ అని ఆపేసే వాళ్లే ఎక్కువ. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా సుమారు మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. తోటకూర, మునగాకు, చోడి అంబలి, గుడ్లు, చేపలు మంచివే. మార్గశిరమంతా నీచు ముట్టని ఇళ్లలో పప్పు, శనగలు పెంచుకోండి. బీట్రూట్ రసం ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. బాగా తగ్గాక తిండితో మాత్రమే పూడ్చడం కష్టం.

పనుల సర్దుబాటు గురించి పెద్దగా చెప్పను. రక్తం 8 గ్రాములుంటే ఎంత ప్రణాళిక వేసినా మధ్యాహ్నానికి ఓపిక అయిపోతుంది. ఒకటి మాత్రం అడుగుతాను. అందరూ తిన్నాక మిగిలింది తినడం ఆపి, కూలీలకు వడ్డించే ముందే మీరు ఒక పళ్లెం పెట్టుకోండి. రాత్రి ఆరు గంటల నిద్ర తగ్గనివ్వకండి. ముగ్గు చిన్నదైనా ముగ్గే.

పంట ఇంటికి చేరాక చూపించుకుంటానంటారని తెలుసు, ఈ సీజన్లో అందరూ అదే అంటారు. పరీక్షకు సగం రోజు చాలు. కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నల్లటి తారులాంటి మలం, ఒక కాలే వాచి పిక్క నొప్పి పెట్టడం, హఠాత్తుగా మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆ సగం రోజు కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. లేకపోతే ఈ వారంలోనే గుణుపురం ఆసుపత్రికి వెళ్లండి, మీ వారిని కూడా వెంట రమ్మనండి. ఇది మీరు రాసినదాన్ని బట్టి ఇచ్చిన సలహా మాత్రమే, మిమ్మల్ని చూసిన డాక్టరు మాటే చివరి మాట. రిపోర్టులు వచ్చాక హిమోగ్లోబిన్ అంకె, బీపీ, ఆ పొట్లంలో ఉన్న మాత్రల పేర్లు రాయండి. టానిక్ కావాలో వద్దో అప్పుడు చెప్తాను.