4×5 కెమెరాతో ల్యాండ్‌స్కేప్ కోసం మొదటి వైడ్ యాంగిల్: 75 మి.మీ.నా, 90 మి.మీ.నా?

మీ 4×5 కెమెరాకి (4×5 అంగుళాల షీట్ ఫిల్ము వాడే పెద్ద కెమెరా) 150 మి.మీ. లెన్స్ ఒక్కటే ఉందనీ, వైడ్ యాంగిల్‌గా 75 కొనాలో 90 కొనాలో తేలడం లేదనీ రాశారు. నా ఓటు 90కే. నేను 75తో మొదలుపెట్టి రెండేళ్లకి 90కి మారాను.

ఫ్రేము పొడుగు వైపు లెక్కేస్తే, 35 మి.మీ. కెమెరా మీద 90 అంటే దాదాపు 27, 75 అంటే 22. అంకెల్లో చిన్న తేడాయే. కానీ కొండని చూసి ముచ్చటపడి ట్రైపాడ్ దింపితే, 75తో వచ్చిన ఫిల్ములో కాళ్ల ముందున్న బండరాయే సగం నిండింది, కొండేమో చీమంత. ఇంకోసారి నిలువు ఫ్రేము తీశాను. స్లైడ్‌ని లైట్ బాక్స్ మీద పెడితే కింది అంచున నల్లటి పట్టీ: లెన్స్ కింద ముందుకి చాచుకుని ఉండే కెమెరా బెడ్! గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనకవైపు గరుకు గాజు) మీద బొమ్మ తలకిందులు కదా, ఆ పట్టీ పై అంచు మసకలో కలిసిపోయి నాకు కనపడనే లేదు. అప్పట్నుంచి లూప్‌ని (చిన్న భూతద్దం) లెన్స్ వైపు కాస్త వాల్చి నాలుగు మూలలూ చూశాకే ఫిల్ము హోల్డర్ పెడుతున్నాను.

90 లెన్స్ పూర్తిగా తెరిచినా ఎఫ్/8యే కాబట్టి గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ మసగ్గా ఉంటుందని భయపడకండి. ఎలాగూ తీసేది ఎఫ్/22 దగ్గర. నికాన్ 90 ఎఫ్/8కి ఇమేజ్ సర్కిల్ (లెన్స్ వేసే గుండ్రటి బొమ్మ వ్యాసం) 235 మి.మీ., ఫిల్టర్ సైజు 67 మాత్రమే. అడ్డం ఫ్రేములో 50 మి.మీ. దాకా రైజ్ (లెన్స్‌ని పైకి జరపడం) ఇస్తుంది. అంతకంటే ముందే మీ బెల్లోస్ (లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఉండే మడతల గొట్టం) మొరాయించొచ్చు. 75లకి ఆ రైజ్ 30 చుట్టుపక్కలే.

టిల్ట్ (లెన్స్‌ని ముందుకి వంచడం) విషయంలో మాత్రం చెయ్యి అదుపులో పెట్టుకోండి. లెన్స్ నేలకి మీటరున్నర ఎత్తులో ఉంటే, ఫోకస్ నేల మీద పరుచుకోవడానికి 90కి మూడున్నర డిగ్రీలు చాలు. నేను మొదట్లో ఏడెనిమిది డిగ్రీలు వంచేసి చెట్ల కొనలన్నీ పోగొట్టుకున్నాను.

సెంటర్ ఫిల్టర్ (మూలలు నల్లబడకుండా మధ్యలో వెలుతురు తగ్గించేది) స్లైడ్ ఫిల్ముకైతే తీసుకోండి. నెగటివ్‌కి నేను వాడను, మూలల్ని ప్రింటులో సరిచేసుకుంటాను.

పాత లెన్స్ కొంటే ఒక సెకను, అర సెకను షట్టర్ స్పీడులు విని చూడండి. ముందుగా ఆగిపోయేవి అవే. లోపలి అంచున నల్ల రంగు లేచి తెల్ల చుక్కలు కనిపిస్తే పర్లేదు, ఫొటోలో తేడా రాదు. డబ్బు కట్టే లోపు మీ కెమెరా ముందరి స్టాండర్డ్‌ని (లెన్స్‌ని పట్టుకునే చట్రం) గ్రౌండ్ గ్లాస్‌కి 90 మి.మీ. దూరం దాకా తోసి, అక్కడ రైజ్ ఇచ్చి చూడండి. బెల్లోస్ బిగుసుకుపోతే బ్యాగ్ బెల్లోస్‌కో (సంచిలా వదులుగా ఉండే బెల్లోస్) లోపలికి దిగిన లెన్స్ బోర్డుకో కూడా డబ్బు పక్కన పెట్టుకోవాలి.