ట్రైనింగ్ పనిచేసిందా? పిల్లవాడి పక్కన కూర్చుని వినండి

"మా మండలంలో ఒకటి, రెండు తరగతుల టీచర్లకు చదవడం నేర్పే పద్ధతుల మీద ఐదు రోజుల ట్రైనింగ్ అయింది. దానివల్ల ఉపయోగం ఉందో లేదో ఎలా తేల్చాలి?" అని అడిగారు. నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచరును. ఇలాంటి ట్రైనింగులకు రిసోర్స్ పర్సన్‌గా, అంటే శిక్షణ ఇచ్చే మనిషిగా కూడా వెళ్ళాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆఖరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దాదాపు అందరూ "చాలా బాగుంది" అని రాశారు. ఎంతో సంతోషపడ్డాను. రెండు నెలల తర్వాత ఒక బడికి వెళితే మేమిచ్చిన అక్షరాల కార్డులు కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి. ఆ టీచరును ఏమీ అనలేను. ఐదు తరగతులకూ ఆయనొక్కరే. ఒకటో తరగతి వాళ్ళతో అరగంట కూర్చుంటే మిగతా నాలుగు తరగతులు ఏం చేస్తూ ఉండాలో మేము ట్రైనింగులో ఒక్క మాట చెప్పలేదు.

శిక్షణను అంచనా వేయడానికి 1959లో అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ నాలుగు మెట్లు చెప్పారు: వచ్చినవాళ్ళకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, చివరికి ఫలితం కనిపించిందా. మనం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాం. మూడోది చూడాలంటే తరగతిలో కూర్చోవాలి. ఒక్కసారి వెళితే టీచరుకు టెన్షన్, ఆ రోజు పాఠం వేరేగా నడుస్తుంది. అందుకని ఒకే బడికి మూడు నాలుగు సార్లు వెళ్ళండి. పిల్లలు ఒక్కొక్కరుగా ఎంతసేపు చదివారో చూడండి. అందరూ గొంతు కలిపి అన్నది లెక్కలో వేయకండి.

ఎందుకంటున్నానంటే, రెండో తరగతి పిల్లవాడొకడు పాఠం గడగడా చదివాడు. పేజీ మీద వాడి వేలు మాత్రం రెండు లైన్లు వెనకపడి ఉంది. అదే పాఠంలోని "బస్సు" అనే మాటను విడిగా పలక మీద రాసి ఇచ్చాను. "బ... సు" అన్నాడు. ఒత్తు వాడికి కనపడనే లేదు. పాఠమంతా కంఠతా వచ్చింది, చదవడం రాలేదు. అందుకే పరీక్షకు పాఠ్యపుస్తకం వద్దు, వాళ్ళు ఎప్పుడూ చూడని మాటలు ఇవ్వండి. పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో వాడే అక్షరాలు, పదాలు, పేరా, కథ పద్ధతి మనకు బాగా పనికొస్తుంది. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు. ఒత్తులు, గుణింతాలు ఉన్న పదాలు మీరే విడిగా ఒక పది చేర్చుకోండి, తెలుగులో పిల్లలు తడబడేది అక్కడే.

నిమిషానికి ఎన్ని పదాలు చదివారన్న లెక్కతో జాగ్రత్త. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌ కార్యక్రమంలో మూడో తరగతికి 60 పదాలని ఉంది. మన "చదువుకుంటున్నారు" ఒక్కటే పదం, ఇంగ్లిషులో అదే మూడు పదాలవుతుంది! ఆ అంకె ఒక్కటే చూసి పిల్లలను వెనకబడ్డారనకండి. నెమ్మదిగా చదివినా, చదివినదాని మీద ఒక ప్రశ్న అడిగితే చెప్పగలుగుతున్నారా? నాకు అదే ముఖ్యం. ఆదోని, మంత్రాలయం వైపు కొందరి ఇళ్ళలో కన్నడమో ఉర్దూనో మాట్లాడతారు. ఆ పిల్లలు అక్షరాలు చదివేస్తారు, అర్థం మాత్రం తెలియదు. వాళ్ళ వివరం పక్కన రాసుకోండి, లేకపోతే ఆ లోటు కూడా టీచరు మీదే పడుతుంది.

ట్రైనింగ్ అందని బడులు కొన్ని పక్క మండలంలో తీసుకుని అక్కడా ఇదే పరీక్ష పెట్టండి. పిల్లలు వయసుతో పాటు కొంత ఎలాగూ నేర్చుకుంటారు కదా, అదంతా ట్రైనింగ్ గొప్పే అనుకుంటే పొరపాటు.

ఇక తేదీలు. మన దగ్గర దీపావళి దాటితే చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు, పిల్లలనూ వెంట తీసుకెళ్తారు. జూలైలో 30 మందిని, జనవరిలో మిగిలిన 18 మందిని చూసి సగటు పెరిగిందంటే అది నిజం కాదు. పేర్లతో జాబితా పెట్టుకుని, రెండుసార్లూ ఉన్న పిల్లలనే పోల్చండి. మొదటి పరీక్ష జూలైలోనే, రెండోది దీపావళికి ముందే పెట్టేయండి. సుగ్గి నుంచి తిరిగొచ్చిన వాళ్ళకు ఏప్రిల్‌లో ఇంకోసారి పెట్టి, వాళ్ళ లెక్క వేరుగా రాయండి.