పూత దండిగా ఉన్నా కాయ నిలవని పాషన్ ఫ్రూట్

ప్రశ్న: మల్కాజిగిరిలోని మా ఇంటి మిద్దెపై పెద్ద డ్రమ్ములో పసుపు రకం పాషన్ ఫ్రూట్ తీగ ఒకటి పెంచుతున్నాము. నాటి రెండేళ్లయింది. పందిరంతా అల్లుకుని వానకాలంలో విరివిగా పూస్తున్నా, పూలన్నీ మరునాటికే వాడి రాలిపోతున్నాయి. పశువుల ఎరువుతో పాటు నెలనెలా యూరియా కూడా వేస్తున్నాము. కాయలు నిలవాలంటే ఏమి చేయాలి?
– ఒక మిద్దెతోట సాగుదారు, హైదరాబాద్

జవాబు: మీ తీగకు రోగమేమీ లేదు; దానికి జోడు తీగ లేకపోవడమే అసలు లోపమని మీరు రాసిన వివరాలను బట్టి తెలుస్తోంది. ఊదా రకం పాషన్ ఫ్రూట్ సాధారణంగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. పసుపు రకంలో మాత్రం ఒక తీగ పుప్పొడి అదే తీగ పూలపై పడితే ఫలదీకరణ జరగదు. కాబట్టి గింజ నుండి మొలిచిన మరో పసుపు రకం మొక్కను దగ్గరలో నాటండి. ఇప్పుడున్న తీగ నుండే కొమ్మ కత్తిరించి నాటుకుంటే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అది వేరే మొక్క కాదు, అదే మొక్క.

ఈ పూలలో పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి గాలికి ఎగరదు. దానిని మోసుకుపోయే పని ప్రధానంగా పెద్ద నల్ల తుమ్మెదలది. ఎండు దుంగల్లోనూ వెదురు బొంగుల్లోనూ గూడు కట్టుకునే ఈ తుమ్మెదలు నగరంలో కరువవుతున్నాయి కనుక, పందిరి పక్కన నాలుగు ఎండు వెదురు ముక్కలు కట్టి ఉంచడం, పూత సమయంలో పురుగుమందులు చల్లకపోవడం మంచిది.

అవి రాకపోతే చేతితోనే పరాగ సంపర్కం చేయవచ్చు. పసుపు రకం పూలు మధ్యాహ్నం వేళ విచ్చుకుంటాయి. పువ్వు నడుమ పైకి నిలిచి ఉన్న మూడు కీలాలు (ఆడ భాగపు కాడలు) కొంతసేపటికి కిందికి వంగుతాయి. అలా వంగిన తరువాతనే, రెండో తీగ పూల పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి మూడు కీలాగ్రాలకూ, అంటే ఆ కాడల కొనలకు అంటించాలి. కీలాలు వంగకుండా నిటారుగానే ఉండిపోయిన పూలు కాయ కట్టవు, వాటిపై శ్రమ పడకండి. పుప్పొడి రేణువులు నీరు తగిలితే పగిలిపోతాయి కాబట్టి వాన తెరిపి ఇచ్చిన రోజునే ఈ పని చేయాలి, పందిరిపై నీళ్లు చిలకరించకూడదు. రెండో తీగ పూతకు వచ్చేలోగా, తెలిసిన వారింట పసుపు రకం ఉంటే అక్కడి పువ్వు ఒకటి తెచ్చుకున్నా సరిపోతుంది.

యూరియా వెంటనే ఆపండి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది. బదులుగా వర్మీకంపోస్టు, కొద్దిగా పొటాష్ ఇవ్వండి. డ్రమ్ము అడుగున నీరు నిలిస్తే వేరుకుళ్లు వస్తుంది. మే నెల ఎండల్లో పిందె నిలవకపోవడం సహజం. అప్పుడు తీగ మొదలు చుట్టూ ఎండుటాకులు పరచి, తేమ ఆరకుండా చూస్తే చాలు. కాపు కొత్త కొమ్మలపైనే వస్తుంది కనుక, కాపు ముగిశాక పక్క కొమ్మలను కత్తిరించండి.

పిందె పట్టిన రెండు, రెండున్నర నెలలకు కాయ పసుపు తిరిగి తనంతట తానే రాలుతుంది. పచ్చికాయలో విషపదార్థాలుంటాయి కనుక, పిల్లలను తిననివ్వకండి.