సమాధానం: టైఫాయిడ్ ఫేజ్ టైపింగ్‌లో అన్ని స్ట్రెయిన్‌లూ ఒకేలా కరిగిపోతుంటే

టైఫాయిడ్ బ్యాక్టీరియా సాల్మొనెల్లా టైఫీలోని రకాలను (స్ట్రెయిన్‌లను), బ్యాక్టీరియాను చంపే వైరస్‌లైన ఫేజ్‌లలో ఏది కరిగిస్తుందో చూసి గుర్తుపట్టడమే ఫేజ్ టైపింగ్. మీ ప్లేట్‌లో ప్రతి వీఐ ఫేజూ (బ్యాక్టీరియా మీదుండే వీఐ పొరకు అంటుకునే ఫేజ్) ప్రతి స్ట్రెయిన్‌నూ కరిగించేస్తోందన్నారు కదా. నా అనుమానం ఫేజ్ చిక్కదనం మీదే. 1938లో క్రేగీ, యెన్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని రూపొందించింది వీఐ ఫేజ్-2కి ఉన్న ఓ గుణం ఆధారంగా. ఏ స్ట్రెయిన్ మీద పెంచితే దానికే అలవాటు పడుతుంది. కానీ చిక్కగా వేస్తే పరాయి స్ట్రెయిన్‌లనూ వదలదు, అప్పుడిక తేడా ఏం తెలుస్తుంది!

కాబట్టి ఒక్కో ఫేజ్‌నూ పదేసి రెట్లు పలచన చేస్తూ, అది అలవాటు పడిన సొంత టైపు స్ట్రెయిన్ మీద చుక్కలు వేయండి. చుక్క పడినచోట బ్యాక్టీరియా పొర ఇంచుమించు పూర్తిగా కరిగే అత్యంత పలచని డైల్యూషన్ ఏదో చూసి, టైపింగ్‌కు అదే వాడండి. ఫేజ్‌ను కొత్తగా పెంచిన ప్రతిసారీ ఈ పరీక్ష తప్పదు, విసుగైనా సరే.

ఏ ఫేజూ పనిచేయని స్ట్రెయిన్ తగిలితే ముందు వీఐ యాంటీసీరంతో (వీఐ పొర ఉందో లేదో తేల్చే సీరం) చూడండి. వీఐ పొర లేకపోతే ఈ ఫేజ్‌లు అంటుకోవు.